గ్రీకు శాకాహార వంటలు మన వంటింట్లో: నీళ్లు ఇగిరి నూనె మిగలాలి

మీరు అడిగినవన్నీ ఒకచోట చేర్చుకుంటే విషయం ఇది. బయట తిన్న గ్రీకు బీన్స్ కూర, అంటే ఫసొలాకియా, నచ్చి ఇంట్లో వండితే నీళ్లలో ఉడకబెట్టిన బీన్స్ మీద టమాటా రసం పోసినట్టు చప్పగా వచ్చింది. రెండు చెంచాల ఆలివ్ నూనె వేశారు, కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చారు, చివరికి రుచి రాలేదని ఆవాలు, ఎండుమిర్చితో పోపు పెట్టారు. మీ ఇంట్లో గుడ్డు కూడా తినరు కాబట్టి ఏ గ్రీకు వంటలతో మొదలుపెట్టాలో, ఫెటా చీజ్ శాకాహారమో కాదో, ఓవెన్ లేకుండా ఎంతవరకు కుదురుతుందో, ఇక్కడ దొరకని దినుసులకు బదులు ఏమి వాడాలో కూడా అడిగారు. గ్రీసులో ఉండగా అక్కడి ఇళ్లలో నేర్చుకుని, ఆ తర్వాత మన ఊళ్లలో దొరికే సరుకులతో చాలాకాలంగా వండుతున్న అనుభవం మీద ఒక్కొక్కదానికీ వివరంగా రాస్తున్నాను.

మొదట మీ బీన్స్ సంగతి. అందులో లోపించింది మసాలా అనుకుని మీరు పోపు పెట్టారు కానీ, ఆ వంటకు కావలసింది ఇంకా నూనె, ఇంకా తక్కువ నీళ్లు, ఇంకా ఎక్కువ సమయం. గ్రీకు వాళ్లు ఈ తరహా కూరలన్నిటినీ కలిపి లదెరా అంటారు. వీటిలో ఆలివ్ నూనె పని పోపు వేయించడం కాదు. కూరగాయ నుంచి, టమాటా నుంచి వచ్చిన రసంతో కలిసి చిక్కబడి, ఆ కూరకు పులుసూ తానే, రుచీ తానే అవుతుంది. అక్కడి ఇంటి ఇల్లాలిని కూర అయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, నీళ్లు పోయి నూనెతోనే మిగలాలి అంటుంది. మన బీరకాయ ఇగురు చేసే చేతికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తేడా అల్లా నూనె మోతాదులోనూ, మంటలోనూ, కూరను కదపకుండా వదిలేసే ఓపికలోనూ ఉంది.

ఈ వంటలు ఇంత సమృద్ధిగా ఉండడానికి కారణం తెలిస్తే ఏది మీకు సరిపోతుందో, ఏది సరిపోదో మీరే తేల్చుకోగలుగుతారు. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస నియమం ప్రకారం మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పాల పదార్థాలు ఏవీ ముట్టకూడదు. ఈస్టర్‌కు ముందు వచ్చే సరకోస్తి అనే 40 రోజుల దీక్ష, దాని వెంటనే వచ్చే పవిత్ర వారం, క్రిస్మస్‌కు ముందు మరో 40 రోజులు, ఆగస్టు మొదటి రెండు వారాలు, ఇవి కాక ఏడాది పొడవునా చాలా బుధ, శుక్రవారాలు కలుపుకుంటే ఉపవాస దినాలు 180 దాటుతాయి. నేడు అందరూ అంత నిష్ఠగా పాటించకపోయినా, తరతరాలుగా ఏడాదిలో సగం రోజులు పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు, ఆలివ్ నూనెలతోనే గడిపిన ఇళ్లలో పుట్టిన వంట ఇది. అందువల్ల గుడ్డు, పాలు లేకుండా చేయగల వంటకాలు మీరు వెతుక్కోవలసిన మినహాయింపులు కావు, సంప్రదాయంలో అవే పెద్ద భాగం. అయితే ఒక చిక్కు ఉంది. రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ లాంటివాటికి రక్తం లేదన్న భావనతో ఉపవాసంలోనూ అనుమతిస్తారు. కనుక హోటల్ పట్టికలో ఉపవాస భోజనం అన్న మాటకు గ్రీకు పదం నిస్తీసిమో కనిపించినంత మాత్రాన అది మన లెక్కలో శాకాహారం అని అనుకోకూడదు. పైకి చిక్కటి మీగడ పచ్చడిలా కనిపించే తరమోసలాత కూడా చేప గుడ్లతో చేసినదే.

ఇక ఫసొలాకియా వండే తీరు. అర కిలో లేత బీన్స్‌కు ఒక పెద్ద ఉల్లిపాయ, 300 గ్రాముల పండు టమాటాలు, ఒక పెద్ద బంగాళాదుంప, 80 నుంచి 100 మిల్లీలీటర్ల ఆలివ్ నూనె కావాలి. ఈ అంకె చూసి వెనుకాడవద్దు, ఇది నలుగురికి సరిపడే కూర. దీనితో పాటు మరే నూనె వంటకమూ వడ్డించరు. బీన్స్ రెండు చివరలూ తుంచి, నార తీసి, రెండు మూడు ముక్కలకు మించి కోయకుండా ఉంచండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో సగం నూనె పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయను సన్న సెగ మీద మెత్తబడనివ్వాలి. మనం చేసినట్టు ఎర్రగా వేయిస్తే కూరంతా తీపి, చేదు కలిసిన వేపుడు వాసన వస్తుంది. తర్వాత బీన్స్ వేసి ఐదు నిమిషాలు నూనెలో కలిపి, తురిమిన టమాటా గుజ్జు, ఉప్పు, మిరియాల పొడి, పెద్ద ముక్కలుగా కోసిన బంగాళాదుంప, అర గ్లాసు వేడినీళ్లు వేసి మూత పెట్టండి. హైబ్రిడ్ టమాటాలకు పులుపు తప్ప తీపి లేకపోతే చిటికెడు పంచదార వేయవచ్చు. సెగ బాగా తగ్గించి 50 నిమిషాల నుంచి గంట వరకు ఉడకనివ్వాలి. గరిటె పెట్టి తిప్పితే బీన్స్ చితికిపోతాయి, కాబట్టి గిన్నె చెవులు పట్టుకుని కుదపడమే. నీళ్లు సరిపోవనిపిస్తే రెండు చెంచాల చొప్పున పోయండి. చివరి పది నిమిషాలు మూత తీసి, అడుగున పలచటి నీరు పోయి, ఎర్రటి చిక్కటి నూనె రసం బీన్స్‌ను అంటుకునే దాకా ఉంచి, మిగిలిన నూనె, తరిగిన పార్స్‌లీ వేసి దించేయండి.

దించిన వెంటనే తినకండి. మీరు చేసిన ప్రయత్నంలో రుచి రాకపోవడానికి ఇది కూడా ఒక కారణం అయి ఉంటుంది. కనీసం అరగంట, వీలైతే రెండు గంటలు మూత పెట్టి వదిలేస్తే బీన్స్ ఆ రసాన్ని పీల్చుకుంటాయి. గోరువెచ్చగానో, గది వేడి మీదనో తింటే నూనె, టమాటా, బీన్స్ విడివిడిగా కాక ఒకే రుచిగా తెలుస్తాయి. పొగలు కక్కే కూర, వేడి అన్నం మనకు అలవాటు కాబట్టి ఈ పద్ధతి మొదట్లో ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చకపోవచ్చు. అక్కడ దీన్ని గట్టి పైపొర ఉన్న ఊరి రొట్టెతో, గిన్నె అడుగు తుడుచుకుని మరీ తింటారు. మన బేకరీలో దొరికే తియ్యటి బ్రెడ్డు కంటే పుల్కా మేలు. అన్నంతో కూడా బాగానే ఉంటుంది కానీ అప్పుడు ఉప్పు కొంచెం ఎక్కువ పడుతుంది.

ఇదే పద్ధతిలో బఠాణీలతో అరకాస్, ఆర్టిచోక్, నిమ్మరసంతో అగినారెస్, బెండకాయలతో బామియెస్ చేస్తారు. వీటిలో మన ఇళ్లకు అన్నిటికన్నా దగ్గరైనది బామియెస్. అక్కడ వాడే బెండకాయ వేలి కణుపంత చిన్నది. కనుక మీరు లేత బుల్లి కాయలే ఏరుకోండి. తొడిమ దగ్గర పెన్సిల్ చెక్కినట్టు కోణంగా చెక్కాలే గాని లోపలి గింజల గది తెరుచుకోకూడదు. అర కిలో కాయలకు పావు కప్పు వెనిగర్, ఒక చెంచా ఉప్పు పట్టించి పళ్లెంలో పరిచి గంటసేపు ఎండలో పెట్టి, ఆ తర్వాత కడిగి తుడిస్తే జిగురు చాలావరకు పోతుంది. ఉల్లిపాయ, టమాటా, నూనెలతో వెడల్పాటి గిన్నెలో ఒకే వరుసగా పేర్చి, ఒక్కసారి కూడా గరిటె పెట్టకుండా 40 నిమిషాలు సన్న సెగ మీద ఉంచితే కాయ కాయగానే ఉండి వెన్నలా మెత్తబడుతుంది. వేపుడులో కరకరలాడే బెండకాయకు అలవాటుపడినవారికి ఇది కొత్తగా ఉంటుంది, కానీ లదెరా వంటలన్నిటిలో నాకు ఇష్టమైనది ఇదే.

నూనె విషయంలో డబ్బు ఆదా చేసే మార్గాలు తక్కువే. సీసా మీద ఎక్స్‌ట్రా వర్జిన్ అని ఉన్నదే కొనండి. లైట్ అనో, పొమాస్ అనో అమ్మేవి శుద్ధి చేసిన నూనెలు, వాటికి ఆలివ్ రుచి దాదాపు ఉండదు. ఆ రుచి లేకపోతే ఈ వంటలో మిగిలేది మీరు వర్ణించిన చప్పటి బీన్సే. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె పచ్చిగా చల్లుకోవడానికి తప్ప పొయ్యి మీదికి పనికిరాదన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. నీళ్లు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది, ఆ నూనె పొగలు వచ్చే వేడికి ఇది చాలా దూరం, కాబట్టి భయం అక్కరలేదు. ఖర్చు తగ్గాలనుకుంటే ఉడికేటప్పుడు సగం పొద్దుతిరుగుడు నూనె వేసి, దించాక పచ్చిగా పోసేది మాత్రం మంచి ఆలివ్ నూనె అయ్యేలా చూసుకోండి. గానుగ వేరుశనగ నూనె, నువ్వుల నూనె వద్దు. అవి మంచివే కానీ వాటి వాసన ముందు ఇంకేమీ నిలవదు.

పప్పుధాన్యాల దగ్గర మన వాళ్లకు పని సులువు, ప్రలోభం ఎక్కువ. పసుపు, జీలకర్ర, ఇంగువ అలవాటుగా చేతికి వస్తాయి. వాటిని డబ్బాలోనే ఉంచగలిగితే సగం గెలిచినట్టే. గ్రీసులో జాతీయ వంటకం అనిపించుకునే ఫసొలాద చిన్న తెల్ల చిక్కుడు గింజల పులుసు. పావు కిలో గింజలను రాత్రంతా నానబెట్టి, మొదట ఉడికిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ ఆకులు వేసి మెత్తబడేవరకు ఉడికించాలి; అప్పటిదాకా టమాటా వేయకూడదు, పులుపు తగిలితే గింజ మెత్తబడడానికి మొరాయిస్తుంది. ఆఖరి ఇరవై నిమిషాల్లో టమాటా, ఉప్పు, 60 మిల్లీలీటర్ల నూనె వేసి బాగా మరగనిస్తే పులుసు తనంతట తానే చిక్కబడుతుంది. దీనికి కుక్కర్ వాడవచ్చు, గ్రీకు ఇళ్లలోనూ వాడతారు. కుక్కర్ వద్దన్నది లదెరా కూరలకు మాత్రమే. మన కిరాణా కొట్లలో దొరికే తెల్ల రాజ్మా సరిపోతుంది.

పొట్టు తీయని మసూర్ గింజలతో చేసే ఫాకెస్ ఇంకా తేలిక. నానబెట్టే పని లేదు. గింజలను పది నిమిషాలు ఉడికించి ఆ నల్లటి నీళ్లు వంపేసి, కొత్త నీళ్లలో బిర్యానీ ఆకు, పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బలు నాలుగైదు, ఉల్లిపాయ వేసి ఉడికించి, నూనె పోసి దించాలి. వెనిగర్ మాత్రం పళ్లెంలో వడ్డించాక ఎవరికి వారు పోసుకుంటారు. గుడ్ ఫ్రైడే నాడు చాలా ఇళ్లలో నూనె కూడా లేకుండా వెనిగర్‌తో మాత్రమే ఈ పులుసు తాగుతారు, శిలువ మీద క్రీస్తుకు ఇచ్చిన పులిసిన ద్రాక్షరసానికి గుర్తుగా.

సిఫ్నోస్ ద్వీపంలో రెవిథాద అనే శనగల వంటకం ఉంది. శనివారం రాత్రి మూత ఉన్న మట్టి పాత్రలో శనగలు, ఉల్లిపాయలు, నూనె, బిర్యానీ ఆకు, నీళ్లు పోసి ఊరి కట్టెల పొయ్యిలో పెట్టి, ఆదివారం ఉదయం చర్చి నుంచి వస్తూ తెచ్చుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇంట్లో చేయాలంటే కాబూలీ శనగలను రాత్రంతా నానబెట్టి, ఒక చెంచా వంటసోడా పట్టించి అరగంట ఉంచి, సోడా పూర్తిగా పోయేలా చాలాసార్లు కడిగి, పొట్టు ఊడినంత మేర తీసేయండి. అర కిలో శనగలకు మూడు పెద్ద ఉల్లిపాయల చక్రాలు, 120 మిల్లీలీటర్ల నూనె, శనగల మీద రెండు అంగుళాలు నిలిచేలా నీళ్లు. ఓవెన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర ఐదారు గంటలు. లేకపోతే మందపాటి గిన్నెను పెనం మీద పెట్టి అతి సన్న సెగన మూడు నాలుగు గంటలు. మట్టి కుండ ఉంటే మరీ మంచిది. ఉల్లిపాయ కరిగి కనబడకుండా పోవాలి, రసం పాలలా తెల్లగా చిక్కబడాలి. నిమ్మరసం తినేటప్పుడే.

ఫావా గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. సాంటోరిని ద్వీపపు ఫావా అంటే బాకలా చిక్కుడు కాదు. అది లాథిరస్ ప్రజాతికి చెందిన ఒక చిన్న గింజ పప్పు. మన దగ్గర వాడకం మీద వివాదమున్న ఖేసరి పప్పు కూడా అదే ప్రజాతిది, కానీ గింజ వేరు. ఫావాకు ఖేసరి పప్పు ప్రత్యామ్నాయం అని ఎవరైనా చెబితే వినవద్దు. గ్రీసు బయట అందరూ వాడేది పసుపుపచ్చ బఠాణీ పప్పు, అదే మీరూ వాడండి. చూడడానికి దగ్గరగా ఉండే శనగపప్పు ఎంత ఉడికినా వెన్నలా కలిసిపోదు. పావు కిలో పప్పుకు మూడింతలు నీళ్లు, ఒక ఉల్లిపాయ వేసి, నురుగు తీసేస్తూ ముప్పావు గంట ఉడికించి, మెత్తగా రుబ్బి, నాలుగు చెంచాల నూనె కలిపితే చల్లారాక గట్టిపడుతుంది. పైన పచ్చి ఉల్లిపాయ తరుగు, నిమ్మరసం, మరింత నూనె. పసుపు వేస్తే అది పప్పే అవుతుంది.

ఇప్పుడు మీరు కొనవలసినదేమీ లేని వంటకం ఒకటి. గ్రీసులో వేసవిలో వ్లీత అనే ఆకుకూర విరివిగా వస్తుంది. అది మన తోటకూర కుటుంబానిదే. లేత కాడలతో సహా ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉడికించి, గట్టిగా పిండకుండా వార్చి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసుకుని చల్లగా తింటారు. దానితో పాటు అదే నీళ్లలో లేత అలసంద కాయలు కూడా ఉడికించి పక్కన పెడతారు. ఎండు అలసందలు, అంటే మన బొబ్బర్లు, అక్కడ మవ్రోమాతికా. వాటిని పప్పు కాకుండా పలుకుగా ఉడికించి ఉల్లికాడ, పార్స్‌లీ, నిమ్మరసం, నూనెతో సలాడ్‌గా కలుపుతారు. గంగవాయిలి కూర కూడా అక్కడ ఇష్టంగా తింటారు, అయితే పచ్చిగా, టమాటా సలాడ్‌లో. మన సంతలో పది రూపాయల కట్టలతో నిజమైన గ్రీకు పల్లె భోజనం తయారవుతుందంటే నమ్మశక్యం కాదు గాని, ఖరీదైన చీజ్‌ల కంటే ఇవే అక్కడి రోజువారీ తిండికి దగ్గర.

పాలకూర అన్నం, అంటే స్పనకోరిజో, మీ ఇంట్లో అందరికీ నచ్చుతుందని అనుకుంటున్నాను. ముప్పావు కిలో పాలకూర, ఒక ఉల్లిపాయ, నాలుగు ఉల్లికాడలు, ఒక కట్ట సోయికూర, 120 గ్రాముల బియ్యం, 90 మిల్లీలీటర్ల నూనె. ఇది ఆకుకూరలో బియ్యం ఉన్న వంట, పులావు కాదు. కనుక బియ్యం తక్కువ చూసి పొరపాటు అనుకోకండి. బాస్మతి పొడిపొడిగా ఉండిపోతుంది, సోనా మసూరి బాగా కుదురుతుంది. ఉల్లిపాయలు మెత్తబడ్డాక ఆకును విడతలుగా వేసి కుంచించుకుపోనిచ్చి, బియ్యం, ఒక కప్పు వేడినీళ్లు, ఉప్పు వేసి సన్న సెగన బియ్యం ఉడికే వరకు ఉంచి, సోయికూర కలిపి, పొయ్యి కట్టేసి పావుగంట మూత తీయకండి. తడితడిగా ఉండాలి. నిమ్మరసం చివర్లో పోస్తారు. ఇక్కడ ఒక సవరణ, గ్రీకు వంటల్లో చెప్పే నిమ్మకాయ పెద్ద పసుపు కాయ, మన నిమ్మకాయ దానికన్నా చిన్నది, పదునైనది. ఒకటి అని ఎక్కడ కనిపించినా మీ కాయ రసం సగంతో మొదలుపెట్టి రుచి చూసి పెంచండి.

ఓవెన్ లేకపోతే కుదరనివి తక్కువే. వంకాయ, దొండకాయంత లేత జుకీని, బంగాళాదుంప, టమాటాలతో చేసే బ్రియామ్‌ను ఓవెన్లో 190 డిగ్రీల దగ్గర గంటన్నర కాలుస్తారు. దాన్నే మందపాటి గిన్నెలో పొరలుగా పేర్చి, నీళ్లు పోయకుండా, మూత పెట్టి ఇగిరించినా మంచి కూరే వస్తుంది, అంచులు మాడిన రుచి మాత్రం రాదు. కూరగాయల్లో బియ్యం కూరిన గెమిస్తా విషయంలో అసలు ఇబ్బంది ఓవెన్ కంటే టమాటాతోనే. అక్కడి టమాటా పిడికిలి కన్నా పెద్దది. మన టమాటాలో గుజ్జు తీస్తే మిగిలేది తోలే. క్యాప్సికమ్ ఎక్కువగా, టమాటాలు రెండు మూడు మాత్రం తీసుకోండి. ఒక్కో కాయకు ఒకటిన్నర పెద్ద చెంచాల పచ్చి బియ్యం లెక్క. ఉల్లిపాయ, బియ్యం రెండు నిమిషాలు నూనెలో కలిపి, టమాటా గుజ్జు, పుదీనా, పార్స్‌లీ, ఉప్పు వేసి, కాయల్లో ముప్పాతిక వంతే నింపాలి, బియ్యం ఉబ్బడానికి చోటు కావాలి. మధ్యమధ్య బంగాళాదుంప ముక్కలు ఇరికించి, మిగిలిన గుజ్జు, అర కప్పు నూనె మీద పోసి, 180 డిగ్రీల దగ్గర గంట మూసి, మరో అరగంట తెరిచి ఉంచాలి. మీరు బయట తినేటప్పుడు మాత్రం గెమిస్తాలో మాంసం ఖీమా ఉందేమో అడగండి, రెండు రకాలూ ఉంటాయి. ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టే దోల్మదాకియాకూ ఇదే హెచ్చరిక. ఆ ఆకులను సీసాలో ఉప్పునీటిలో ఊరవేసినవే కొనుక్కోండి. తోటల్లో ద్రాక్షకు మందు కొట్టే తీరు తెలిసినవారెవరూ తీగ నుంచి ఆకు కోసుకురమ్మని చెప్పరు.

పిండి రేకుల మధ్య పాలకూర పెట్టి కాల్చే స్పనకోపితా మాత్రం ఓవెన్ లేనిదే వద్దు, చిన్న ఓటీజీ అయినా చాలు. చల్లటి పెట్టెలో దొరికే ఫిల్లో అనే పలచటి పిండి రేకులు విరిగిపోతూ విసిగిస్తాయి. పల్లెల్లో చేసే మందపాటి ఇంటి రేకు చపాతీ వత్తే చేతికి సులువు. పావు కిలో మైదాలో రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, ఒక చిన్న చెంచా వెనిగర్, ఉప్పు, 120 మిల్లీలీటర్ల దాకా గోరువెచ్చటి నీళ్లు పోసి మెత్తగా కలిపి, గంట నానబెట్టి నాలుగు రేకులుగా వత్తండి, కింద రెండు, పైన రెండు, ప్రతి రేకు మధ్య నూనె రాస్తూ. లోపలికి ముప్పావు కిలో పాలకూర తరిగి, ఉప్పు రాసి, ఉడికించకుండా గట్టిగా పిండి, ఉల్లికాడ, సోయికూర, నలిపిన ఫెటా కలపాలి. చాలామంది గుడ్డు కలుపుతారు, అక్కరలేదు. రెండు చెంచాల బొంబాయి రవ్వ చల్లితే మిగిలిన తడిని అది పీల్చుకుంటుంది. కాల్చే ముందే పై రేకుల మీద గాట్లు పెట్టి, 180 డిగ్రీల దగ్గర కింది అరలో 50 నిమిషాలు.

ఫెటా ప్రశ్నకు సూటి జవాబు: సీసా లేదా పొట్లం చూడకుండా చెప్పలేము. ఐరోపా సమాఖ్యలో 2002 నుంచి ఫెటా అన్న పేరు గ్రీసులోని నిర్ణీత ప్రాంతాల్లో, కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగిలినది మేక పాలతో చేసినదానికే చెందుతుంది. పాలు విరగడానికి వాడే రెన్నెట్ సంప్రదాయంగా గొర్రెపిల్ల, మేకపిల్ల కడుపు నుంచి తీసినది. అటువంటి చీజ్‌ను మన శాకాహారులు చాలామంది ఒప్పుకోరు. సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్‌తో చేసేవారూ ఉన్నారు. భారతదేశంలో కొంటే ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూడండి; విదేశాల్లో ఉంటే శాకాహారులకు తగినది అన్న మాట కోసం వెతకండి. మన దేశంలో ఆవు పాలతో చేసి ఫెటా తరహా అని అమ్మేవి పులుపు తక్కువ, ఉప్పు ఎక్కువ. స్పనకోపితాకు బాగానే పనికొస్తాయి. గ్రవియేరా, కెఫలోతీరి లాంటి గట్టి చీజ్‌లకూ ఇదే పరీక్ష. ఏదీ దొరకకపోతే పనీర్‌ను ఉప్పునీళ్లలో ఊరబెట్టి ఫెటా అనుకోమని నేను చెప్పను. ఫెటా మానేసి ఉపవాస పద్ధతిలో ఉల్లికాడ, సోయికూర పెంచి చేస్తే ఆ స్పనకోపితా తన సొంత రుచితో నిలబడుతుంది.

ఇతర దినుసులు క్లుప్తంగా. ఎండు ఒరెగానో కొనేటప్పుడు పిజ్జాలతో వచ్చే పొట్లాలు వద్దు, వాటిలో ఉప్పు, మిరప, ఇంకా ఏవేవో కలిపి ఉంటాయి. ఆకు మాత్రమే ఉన్నది కొని అరచేతిలో నలిపి వేయండి. వాము ఆకుకు దాని ఘాటు కొంత ఉంటుంది కానీ పచ్చి వాసన ముంచెత్తుతుంది. పార్స్‌లీ లేకపోతే కొత్తిమీర వేయాలన్న కోరిక ఆపుకుని సెలరీ ఆకులో, పుదీనాలో, సోయికూరో వేయండి. కొత్తిమీర సైప్రస్ వంటలో ఉంది, గ్రీసు ఇళ్లలో అరుదు. వెనిగర్ ద్రాక్షదో, ఆపిల్‌దో కావాలి, కొట్లో దొరికే తెల్లటి సింథటిక్ వెనిగర్ గొంతు పట్టేస్తుంది. కారం లేనిదే ముద్ద దిగదనుకుంటే ఉత్తర గ్రీసులో బూకోవో అనే మిరప పలుకులు వాడతారు, కాబట్టి పెద్ద చిక్కుడు గింజలను టమాటాతో కాల్చే గిగాంతెస్‌లో కాసిని ఎండుమిర్చి పలుకులు వేయడం తప్పేమీ కాదు. ఆ గిగాంతెస్‌కు ప్రెస్పా సరస్సుల దగ్గర పండేవి ప్రసిద్ధి. మీరు డబుల్ బీన్స్ వాడండి, విడి గిన్నెలో, ఒక కంట కనిపెడుతూ, ఎందుకంటే వాటి తోలు త్వరగా పగులుతుంది. పెరుగు, కీరదోసలతో చేసే జాజికికి గడ్డ పెరుగును బట్టలో కట్టి నాలుగైదు గంటలు వేలాడదీస్తే చాలు, గేదె పెరుగు దీనికి దివ్యంగా ఉంటుంది. కీరదోస తురుమును మాత్రం పిండి నీళ్లు పూర్తిగా తీసేయాలి. వెల్లుల్లి, బంగాళాదుంపలతో చేసే స్కోర్దాలియాను రోట్లో నూరండి, మిక్సీలో వేస్తే దుంప బంకలా సాగుతుంది.

తీపికి రవ్వ హల్వా ఉంది, ఇది కూడా ఉపవాస వంటకమే. కొలత అక్కడ పిల్లలకు కూడా నోటికి వస్తుంది: ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక వంతు నూనె, రెండు వంతులు దొడ్డు రవ్వ, మూడు వంతులు పంచదార, నాలుగు వంతులు నీళ్లు. నూనె సగం ఆలివ్, సగం పొద్దుతిరుగుడు పోసి రవ్వను బాదం పొట్టు రంగు వచ్చేదాకా నిదానంగా వేయించి, దాల్చినచెక్క, లవంగం, కమలా తొక్కతో మరిగించిన పాకం పోయాలి. పాకం పడగానే రవ్వ భగ్గున పొంగుతుంది, పొడవాటి గరిటె పట్టుకుని దూరంగా నిలబడండి. గిన్నె అంచులు వదిలే దాకా తిప్పి, అచ్చులో పోసి పూర్తిగా చల్లారాక బోర్లించి పైన దాల్చినచెక్క పొడి చల్లాలి. మన కేసరికి అలవాటుపడినవారికి నెయ్యి లేదన్న లోటు మొదటి ముక్కలో తెలుస్తుంది, రెండో ముక్కలో తెలియదు.

మీరు ఏ వరుసలో మొదలుపెట్టాలంటే, ముందుగా తోటకూర, బొబ్బర్ల సలాడ్ చేసి నూనె, నిమ్మరసాల పాళ్లు నాలుకకు అలవాటు చేసుకోండి. తర్వాత ఫాకెస్, స్పనకోరిజో. ఆ పైన మళ్లీ ఫసొలాకియా, ఈసారి కుక్కర్ లేకుండా. అది కుదిరాక బామియెస్, ఫావా చేయవచ్చు. వీటిలో దేనికీ ఓవెన్ అక్కరలేదు, ఫెటా కూడా తప్పనిసరి కాదు. కూర మిగిలితే లదెరా వంటలు ఫ్రిజ్‌లో మూడు రోజుల దాకా ఉంటాయి, రెండో రోజు ఇంకా బాగుంటాయి. చల్లబడ్డాక నూనె గడ్డకట్టినట్టు కనిపిస్తే కంగారుపడకుండా తినడానికి గంట ముందు బయట పెట్టండి. స్పనకోరిజో మాత్రం బియ్యం ఉన్నది కాబట్టి ఎక్కువసేపు బయట వదలకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికే ముగించేయండి.